పాత కంప్యూటర్‌ని ఇంటి మీడియా సెంటర్‌గా మార్చుకోవడం: మా వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం, ఏ ఊళ్లో చూసినా తెలుగువాళ్ల ఇళ్లలో అటక మీదో మంచం కిందో ఒక పాత సీపీయూ ఉంటుంది, పారెయ్యడానికి మనసొప్పదు, వాడటానికి పనికిరాదు. దాన్ని టీవీకి కలిపి వాడుకోవచ్చని తెలిసినప్పటి నుంచి చుట్టాలు, కాలనీవాళ్లు అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవక్కర్లేదు.

## మొదలుపెట్టే ముందు

మా టీవీ స్మార్ట్ టీవీయే, మరి ఈ పాత కంప్యూటర్ ఎందుకు?

మీరు చూసేదంతా ఓటీటీయే అయితే అక్కర్లేదు, నిజంగా అక్కర్లేదు. ఈ పని చేసేది ఇంట్లో ఇప్పటికే ఉన్న సరుకు కోసం: పెళ్లి డీవీడీలు, నాన్నగారు క్యాసెట్లలో రికార్డు చేసిన హరికథలు, ఫోన్ల నిండా మూలుగుతున్న ఫోటోలు, మజ్జిగౌరి అమ్మవారి చైత్ర పండగ వీడియోలు, బరంపురం ఠాకురాణి యాత్రలో తీసినవి. ఇవి ఏ ఓటీటీలోనూ దొరకవు. వీటన్నిటినీ ఒక డిస్కులో పెట్టి, రిమోట్ నొక్కితే హాల్లో టీవీ మీద వచ్చేలా చేయడమే మీడియా సెంటర్ అంటే. పైగా నెట్ పోయినా ఆడుతుంది, మా కొండ ప్రాంతంలో వానాకాలం ఇది చిన్న విషయం కాదు.

నా కంప్యూటర్ పన్నెండు పదమూడేళ్ల నాటిది, పనికొస్తుందా?

ఇంటెల్ రెండో తరం ఐ3, అంటే 2011 నుంచి వచ్చినవి అయితే కళ్లు మూసుకుని మొదలుపెట్టండి. అందులోని గ్రాఫిక్స్ హెచ్.264 అనే రకం వీడియోని తనే విప్పుతుంది, ప్రాసెసర్ మీద భారం పడదు, మన దగ్గరుండే ఫుల్ హెచ్‌డీ ఫైళ్లలో చాలావరకు ఆ రకమే. దానికంటే పాత కోర్ 2 డ్యుయో అయితే 720పీ హాయిగా ఆడుతుంది, 1080పీ ఫైలు బరువును బట్టి ఒక్కోసారి తడబడుతుంది. ఇక 2008 ప్రాంతంలో వచ్చిన చిన్న నెట్‌బుక్‌లు, ఆటమ్ ఎన్270 లాంటివి 32 బిట్‌వి. వాటికి ఇప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ దాదాపు ఏదీ రావడం లేదు, వాటి మీద టైమ్ పెట్టకండి.

4కే ఆడుతుందా?

పాత వాటిలో ఆడదు. 4కే ఫైళ్లు ఎక్కువగా హెచ్ఈవీసీ అనే కొత్త రకంలో, అదీ 10 బిట్‌లో ఉంటాయి, ఇంటెల్ ఏడో తరం నుంచి మాత్రమే అది సరిగ్గా హార్డ్‌వేర్‌లో ఆడుతుంది. యూట్యూబ్, ఓటీటీలు వాడే ఏవీ1 అనే ఇంకా కొత్త రకానికి ఆ సాయం పదకొండో తరం దాకా రాలేదు. మీ పెళ్లి డీవీడీ 720×576 మాత్రమే, దానికి 4కే మెషీన్ దేనికి?

డెస్క్‌టాప్ మంచిదా, పాత ల్యాప్‌టాప్ మంచిదా?

రెండూ ఉంటే ల్యాప్‌టాప్. కరెంటు తక్కువ తింటుంది, చప్పుడు తక్కువ, చాలావాటికి హెచ్‌డీఎంఐ ఉంటుంది, బ్యాటరీ కాస్త బాగుంటే కరెంటు పోయినప్పుడు అదే యూపీఎస్. స్క్రీన్ పగిలిపోయిందని మూల పడేసిన ల్యాప్‌టాప్ అయితే ఇంకా మంచిది, స్క్రీన్‌తో మనకు పని లేదు కదా. ఒక్కటి చూసుకోండి, బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు ఉంటే వెంటనే తీయించెయ్యండి, దాన్ని గుచ్చకండి, చెత్తబుట్టలో వెయ్యకండి. చాలా ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ లేకుండా ఛార్జర్ మీదే నడుస్తాయి.

కరెంటు బిల్లు పేలిపోతుందేమో?

లెక్క వేద్దాం. పాత డెస్క్‌టాప్ సినిమా ఆడేటప్పుడు సుమారు 70 వాట్లు తింటుందనుకోండి. రోజుకి నాలుగు గంటలు వాడితే 0.28 యూనిట్, నెలకి ఎనిమిదిన్నర యూనిట్లు. యూనిట్‌కి ఐదు రూపాయలు వేసుకున్నా నెలకి నలభై చిల్లర. అదే రాత్రింబగళ్లు వదిలేస్తే నెలకి యాభై యూనిట్లు దాటుతుంది, రెండొందల యాభై రూపాయలు. అంటే బిల్లు పెంచేది కంప్యూటర్ కాదు, ఆఫ్ చేయని మనిషి. ల్యాప్‌టాప్‌కి ఇందులో మూడో వంతు అవుతుంది.

## మెషీన్ సిద్ధం చేసేటప్పుడు

ముందు ఏం కొనాలి అన్నా, ర్యామ్మా, ఎస్ఎస్‌డీనా?

ఎస్ఎస్‌డీ, అంటే లోపల తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు. ర్యామ్ 4 జీబీ ఉంటే ఈ పనికి చాలు, 2 జీబీ ఉన్నా ఉత్త మీడియా ప్లేయర్‌గా నడుస్తుంది. కానీ పాత తిరిగే హార్డ్ డిస్క్ మీద సిస్టమ్ ఉంటే ఆన్ చేసి టీ పెట్టుకుని రావాలి, ఇంట్లో పెద్దవాళ్లు రెండు రోజులు చూసి మళ్లీ పాత సెట్‌టాప్ బాక్స్ రిమోట్ పట్టుకుంటారు. సిస్టమ్‌కి చిన్న ఎస్ఎస్‌డీ చాలు, సినిమాలు, ఫోటోలు పాత పెద్ద డిస్కులోనే ఉండొచ్చు. ఆ పాత డిస్కుని నమ్మే ముందు మాత్రం దాని ఆరోగ్యం చూడండి. విండోస్‌లో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో, లైనక్స్‌లో (విండోస్‌కి బదులు వాడే ఉచిత సిస్టమ్) డిస్క్స్ అనే ప్రోగ్రామ్ చూపిస్తాయి. రీఎలకేటెడ్ సెక్టర్ల (పాడైపోయి డిస్కు పక్కన పెట్టేసిన చోట్ల) సంఖ్య పెరుగుతూ పోతుంటే ఆ డిస్కులో ఇంటి వీడియోలు పెట్టకండి.

ఆన్ చేస్తే పావుగంటకే దానంతటదే ఆగిపోతోంది, పోయినట్టేనా?

చాలాసార్లు పోయినట్టు కాదు, లోపల దుమ్ము. అటక మీద ఏళ్లు పడున్న దానికి ఫ్యాన్ చుట్టూ బొంత కట్టి ఉంటుంది. ప్లగ్ తీసేసి, బయటికి తీసుకెళ్లి, పెయింట్ బ్రష్‌తోనో బ్లోయర్‌తోనో దులపండి, ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి దులపాలి. ప్రాసెసర్ మీద హీట్‌సింక్ తీసి ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది బియ్యపుగింజంత పెట్టండి. అయినా ఆగిపోతుంటే బోర్డు మీద కెపాసిటర్లు చూడండి, పైన ఉబ్బి ఉంటే రిపేరు షాపుకే. లోపలికి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ డబ్బాని మాత్రం మీరు విప్పొద్దు, ప్లగ్ తీశాక కూడా లోపల షాక్ కొట్టేంత చార్జి ఉంటుంది.

నెట్ ఉంది కానీ ఏ సైటూ తెరుచుకోవడం లేదు, సెక్యూరిటీ ఎర్రర్ అంటోంది.

తేదీ చూడండి. మదర్‌బోర్డు మీద నాణెం లాంటి సీఆర్2032 సెల్ అయిపోతే గడియారం ఏ 2009కో వెళ్లిపోతుంది, అప్పుడు సైట్ల సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ అనుకుంటుంది. గడియారాల షాపులో కూడా దొరికే సెల్ అది, మార్చేస్తే సరి.

మా సీపీయూకి హెచ్‌డీఎంఐ లేదు, మానిటర్‌కి ఇచ్చే పాత వీజీఏ సాకెట్ ఒక్కటే ఉంది.

రెండు దారులు. చౌక దారి వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కన్వర్టర్, యూఎస్‌బీ నుంచి పవర్ తీసుకునేది, ఆడియో వైరు కూడా ఉండేది కొనండి. వీజీఏలో శబ్దం రాదు కాబట్టి ఆకుపచ్చ ఆడియో పిన్ను నుంచి విడిగా ఇవ్వాలి. ఏ సర్క్యూటూ లేకుండా ఉత్త కేబుల్ రూపంలో అమ్మేవి కంప్యూటర్ నుంచి టీవీకి పనిచేయవు, షాపులో ఎంత నొక్కి చెప్పినా సరే. ఇంకా నయమైన దారి చిన్న గ్రాఫిక్స్ కార్డు. సెకండ్‌హ్యాండ్‌లో జీటీ 710 లాంటిది దొరికితే హెచ్‌డీఎంఐ వస్తుంది, శబ్దం అదే తీగలో వస్తుంది, హెచ్.264 భారం కూడా అదే మోస్తుంది. జీటీ 1030 అయితే హెచ్ఈవీసీ కూడా ఆడుతుంది. కొనే ముందు మీ క్యాబినెట్ సన్నదో వెడల్పుదో చూసుకోండి, కార్డు వెనక పట్టీ ఎత్తు దాన్ని బట్టే ఉండాలి.

## సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు

పాత విండోస్ 7 ఉంది, అదే ఉంచేస్తే ఏమవుతుంది?

నెట్‌కి కలపకుండా ఉత్త సినిమాలు ఆడించుకుంటే ఏమీ కాదు. నెట్‌కి కలిపితే మాత్రం టెన్షనే. దానికి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు 2020 జనవరిలోనే ఆగాయి, క్రోమ్ 2023లో వదిలేసింది. విండోస్ 10కి కూడా మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 ఈ పాత మెషీన్లను ఒప్పుకోదు. అందుకే నా సలహా లైనక్స్. పేరు వినగానే భయపడకండి, టీవీ ముందు కూర్చున్నవాడికి అది కనిపించను కూడా కనిపించదు.

లిబ్రెఎలెక్, లైనక్స్ మింట్ అంటున్నారు, మాకు ఏది?

ఆ మెషీన్ టీవీ దగ్గర మీడియా ప్లేయర్‌గా మాత్రమే ఉంటుంది అంటే లిబ్రెఎలెక్. ఆన్ చేస్తే నేరుగా కోడీ అనే ప్లేయర్ తెరుచుకుంటుంది, డెస్క్‌టాప్ లేదు, కెలకడానికి ఏమీ లేదు, ఇంట్లో పెద్దవాళ్లకి ఇదే మంచిది. కాని అందులో మామూలు బ్రౌజర్ ఉండదు. అదే మెషీన్ మీద యూట్యూబ్ బ్రౌజర్‌లో చూడాలి, పిల్లాడు అప్పుడప్పుడు స్కూలు ప్రాజెక్టు టైప్ చేసుకోవాలి అంటే లైనక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ వేసి, దాని మీద కోడీ పెట్టుకోండి. మింట్ 22 వరసకి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. రెండూ ఉచితమే, రెండింటికీ 64 బిట్ ప్రాసెసర్ కావాలి.

లిబ్రెఎలెక్ వేస్తే డిస్కులో ఉన్న ఫోటోలు పోతాయా?

పోతాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎంచుకున్న డిస్కుని మొత్తం తుడిచేస్తుంది, కొంత భాగం ఉంచు అనే మాట ఉండదు. ముందు పాత డిస్కుని బయటికి తీసి పక్కన పెట్టి, కొత్త ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంచి ఇన్‌స్టాల్ చేయండి. అయ్యాక పాత డిస్కుని మళ్లీ తగిలించండి. డిస్కు విప్పడం ఇష్టం లేకపోతే ముందు అన్నీ కాపీ తీసుకోండి, ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో కూడా చూడండి.

అసలు ఈ కోడీ ఏమిటి, చట్టవిరుద్ధం అంటారు?

కోడీ ఉత్త ప్లేయరే. రెండు దశాబ్దాల కిందట మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ ఆట పెట్టెలో సినిమాలు చూడటానికి కొందరు ఉత్సాహవంతులు రాసిన ప్రోగ్రామ్, అప్పట్లో ఎక్స్‌బీఎంసీ అనేవారు, 2014లో పేరు మార్చారు. అందులో ఒక్క సినిమా కూడా ముందే ఉండదు. చెడ్డపేరు వచ్చింది దానికి బయటి నుంచి తగిలించే దొంగ యాడ్‌ఆన్‌ల వల్ల, 'కొత్త సినిమాలన్నీ ఫ్రీ' అని బాక్సుల్లో పెట్టి అమ్మేవాళ్ల వల్ల. వాటి సంగతి నన్ను అడగకండి, ఎవరో రాసిన ప్రోగ్రామ్‌ని ఇంటి నెట్‌వర్క్‌లోకి రానిచ్చి పిల్లల ఫోన్లన్నీ దాని పక్కన పెట్టడం నాకు నచ్చదు.

మెనూలు తెలుగులో వస్తాయా?

కోడీలో తెలుగు భాష ఉంది, సెట్టింగుల్లో ఇంటర్‌ఫేస్‌కి వెళ్లి మార్చుకోవచ్చు. కాకపోతే అనువాదం సగం సగం, కొన్ని మాటలు ఇంగ్లీషులోనే మిగిలిపోతాయి. మా వైపు పిల్లలు స్కూల్లో ఒడియా, ఇంట్లో తెలుగు, సెల్‌లో ఇంగ్లీషు కాబట్టి చాలామంది ఇంగ్లీషు మెనూయే ఉంచుకుంటున్నారు. పెద్దవాళ్లకి అక్షరాలకంటే బొమ్మలు ముఖ్యం, ప్రతి ఫోల్డర్‌లో ఫోల్డర్ డాట్ జేపీజీ అనే పేరుతో (చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో) ఒక ఫోటో పెడితే అదే బొమ్మగా కనిపిస్తుంది. మా వీధిలో ఒకావిడ పెద్దకూతురి పెళ్లి ఫోల్డర్‌కి పెళ్లికూతురి ఫోటో పెట్టుకున్నారు, ఇక చదవాల్సిన పనే లేదు.

## టీవీకి కలిపేటప్పుడు

బొమ్మ వస్తోంది, శబ్దం రావడం లేదు.

నూటికి తొంభై సార్లు శబ్దం వేరే దారిలో వెళుతోంది. కోడీలో సెట్టింగ్స్, సిస్టమ్, ఆడియో అని ఉన్నచోట అవుట్‌పుట్‌గా హెచ్‌డీఎంఐని ఎంచుకోండి, హెచ్‌డీఎంఐలే మూడు నాలుగు కనిపిస్తే ఒక్కొక్కటీ మార్చి చూడండి. మింట్ అయితే కింద మూల స్పీకర్ బొమ్మ మీద నొక్కి అక్కడా మార్చాలి. టీవీ ఆన్ చేశాక కంప్యూటర్ ఆన్ చేయండి, తలకిందులుగా చేస్తే కొన్ని పాత గ్రాఫిక్స్ టీవీని గుర్తించవు.

టీవీలో అంచులు కోసేసినట్టు ఉంది, కింద సబ్‌టైటిల్ సగమే కనిపిస్తోంది.

అది టీవీ చేసే పని, కంప్యూటర్‌ది కాదు. టీవీ రిమోట్‌తో పిక్చర్ సైజు సెట్టింగుకి వెళ్లి జస్ట్ స్కాన్ లేదా స్క్రీన్ ఫిట్ అని ఉన్నది పెట్టండి, ఒక్కో టీవీలో ఒక్కో పేరు. అది లేకపోతే ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కి పీసీ అని పేరు మార్చండి, చాలా టీవీల్లో దాంతోనే సర్దుకుంటుంది.

సినిమాలో కెమెరా పక్కకి తిరిగినప్పుడు బొమ్మ కుదుపుతోంది.

సినిమా సెకనుకి 24 ఫ్రేములు, టీవీకి వెళ్లేది 60. రెండూ సమానంగా పంచుకోలేక కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు చూపిస్తుంది, అదే ఆ కుదుపు. కోడీలో ప్లేయర్ సెట్టింగుల్లో 'డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్ సర్దు' అనే అర్థం వచ్చేది ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. సెట్టింగుల మూల ఉన్న పళ్లచక్రం గుర్తు నొక్కి స్టాండర్డ్ స్థాయి నుంచి పెంచితేనే అది కనిపిస్తుంది.

మౌస్, కీబోర్డు పట్టుకుని సోఫాలో కూర్చోవాలా? టీవీ రిమోట్‌తో నడవదా?

టీవీ రిమోట్‌తో పరికరాలను నడిపే సీఈసీ అనే ఏర్పాటు మామూలు కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో ఉండదు, దానికి విడిగా అడాప్టర్ కొనాలి, ఖరీదు ఎక్కువ, అక్కర్లేదు. ఫోన్‌లో కోరే అనే ఆప్ పెట్టుకోండి, కోడీ వాళ్లదే, ఉచితం. కోడీ సెట్టింగ్స్‌లో సర్వీసెస్ కింద కంట్రోల్ అన్నచోట హెచ్‌టీటీపీ ద్వారా రిమోట్ కంట్రోల్ అనుమతించి, ఒక పాస్‌వర్డ్ పెట్టండి, ఫోనూ కంప్యూటరూ ఒకే వైఫైలో ఉంటే ఆప్ దానంతటదే వెతుక్కుంటుంది. సినిమా పేరు వెతకాలన్నా ఫోన్‌లోనే టైప్ చేయొచ్చు. ఫోన్ వాడని పెద్దవాళ్లుంటే అరచేతిలో పట్టే చిన్న వైర్‌లెస్ కీబోర్డు, టచ్‌ప్యాడ్ ఉన్నది కొనండి. వాళ్లకి బాణం గుర్తులు, ఎంటర్, వెనక్కి, ఈ మూడే చూపించండి, మిగతా మీటలకి చెప్పొద్దు.

కొత్త సినిమాలకి ఆహా, ప్రైమ్, హాట్‌స్టార్ ఇందులో వస్తాయా?

మింట్‌లో బ్రౌజర్ ద్వారా చాలావరకు వస్తాయి, కానీ క్వాలిటీ తగ్గించి ఇస్తాయి. కాపీ కాకుండా కాపాడే వైడ్‌వైన్ అనే తాళానికి స్థాయిలు ఉంటాయి, లైనక్స్ బ్రౌజర్‌కి దక్కేది అడుగు స్థాయి, కాబట్టి డబ్బు కట్టినవాడికి కూడా బొమ్మ మసకే. ఓటీటీకి టీవీలోని ఆప్ వాడండి, టీవీ మామూలుదైతే హెచ్‌డీఎంఐలో గుచ్చే ఓటీటీ స్టిక్ ఒకటి కొనండి. ఒకే పెట్టెతో అన్నీ అయిపోవాలని పట్టుబట్టి ఈ ప్రాజెక్టు మధ్యలో వదిలేసినవాళ్లని చాలామందిని చూశాను. ఒక హెచ్‌డీఎంఐలో స్టిక్, ఇంకొక హెచ్‌డీఎంఐలో మన పెట్టె, అంతే.

యూట్యూబ్ ఆగి ఆగి వస్తోంది, నెట్ మాత్రం బాగానే ఉంది.

యూట్యూబ్ వీలైతే వీపీ9 లేదా ఏవీ1 రకం వీడియో పంపుతుంది, పాత గ్రాఫిక్స్‌కి అవి రావు, ప్రాసెసర్ ఒక్కటే ఈడ్చుకొస్తుంది. బ్రౌజర్‌లో హెచ్264ఐఫై అనే ఎక్స్‌టెన్షన్ పెడితే హెచ్.264 మాత్రమే అడుగుతుంది, 1080పీ దాకా పరిమితం అవుతుంది కానీ సాఫీగా ఆడుతుంది. కోర్ 2 డ్యుయో అయితే 720పీ దగ్గరే ఆపండి.

## ఇంట్లోని డీవీడీలు, క్యాసెట్లు ఎక్కించేటప్పుడు

పెళ్లి డీవీడీ గీతలు పడి మధ్యలో ఆగిపోతోంది. ఏమైనా చేయొచ్చా?

చేయొచ్చు, కానీ ఇంక దాన్ని ప్లేయర్‌లో ఆడించి చూడటం ఆపండి. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు నిలువుగా తుడవండి, గుండ్రంగా తుడిస్తే కొత్త గీత ట్రాక్ వెంబడే పడుతుంది. తర్వాత మింట్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో డిస్కు మొత్తాన్ని ఒక ఐఎస్‌ఓ ఫైలుగా తీయండి. అది ముందు చదవగలిగిన చోట్లన్నీ చదివేసి, మొండికేసిన చోట్లకి తర్వాత మళ్లీ మళ్లీ వెళుతుంది, ఎక్కడ ఆగిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. ఆ మ్యాప్ ఫైలు ఉంటే అదే డిస్కుని ఇంకో కంప్యూటర్ డ్రైవ్‌లో పెట్టి మిగిలిన భాగాల కోసం ప్రయత్నం కొనసాగించవచ్చు, ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకొకటి చదవడం మామూలే. రాత్రి పెట్టి పడుకోండి, గంటలు పడుతుంది. వచ్చిన ఐఎస్‌ఓని కోడీ నేరుగా ఆడిస్తుంది. చోటు తక్కువైతే హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రామ్‌తో హెచ్.264లోకి మార్చుకోవచ్చు, కానీ మార్చాక కూడా అసలు ఐఎస్‌ఓని పారెయ్యకండి, ఒక డీవీడీ 4.7 జీబీయే, ఇవాళ్టి డిస్కుల్లో అది పెద్ద చోటు కాదు. ఇళ్లలో రాసిన డీవీడీలు ఎండకి, తేమకి వాటంతటవే చెడిపోతాయి, అందుకని ఈ మొత్తం పనుల్లో ముందు చేయాల్సింది ఇదే, టీవీ, రిమోట్, మెనూలు అన్నీ తర్వాత.

ఇంకా పాతవి, వీసీడీలు ఉన్నాయి. ఫైల్ తెరుచుకోవడం లేదు.

లోపల ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్‌లో డాట్ డీఏటీ ఫైళ్లుంటాయి. వాటిని కాపీ చేసి వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరవండి, ఆడతాయి. 352×288 బొమ్మ, పెద్ద టీవీలో చుక్కలుగా కనిపిస్తుంది, దానికి మందు లేదు.

వీహెచ్ఎస్ క్యాసెట్ ఉంది, తెల్లటి బూజు పట్టింది.

వీసీఆర్‌లో పెట్టొద్దు. బూజు హెడ్‌కి అంటుకుంటే తర్వాత పెట్టే మంచి క్యాసెట్ కూడా పాడవుతుంది. ఆ పని తెలిసిన స్టూడియోకి ఇవ్వండి, బూజు ఉందని ముందే చెప్పండి. బాగున్న క్యాసెట్లయితే వీసీఆర్, యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం ఉంటే ఇంట్లోనే ఎక్కించుకోవచ్చు, మూడు గంటల క్యాసెట్‌కి మూడు గంటలే పడుతుంది.

తాతగారు టేప్‌రికార్డర్‌లో ఆకాశవాణి నుంచి రికార్డు చేసిన పాటలు, హరికథలు ఉన్నాయి. వాటిని ఇందులో వినొచ్చా?

మా ప్రాంతంలో దాదాపు ప్రతి ఇంటిలో ఈ పెట్టె ఒకటి ఉంటుంది. విశాఖపట్నం స్టేషన్ గాలి బాగున్న రోజు పట్టినవి, జయపురం స్టేషన్‌వి, మధ్యలో అమ్మమ్మ మాటలు, ఎవరో తలుపు కొట్టిన చప్పుడు. అన్నీ ఉంచండి, ఎడిట్ చేసి 'శుభ్రం' చేయకండి, పాట ఎక్కడైనా దొరుకుతుంది, ఆ మాటలు దొరకవు.

విధానం తేలిక. టేప్‌రికార్డర్ హెడ్‌ఫోన్ పిన్ను నుంచి 3.5 ఎంఎం తీగతో డెస్క్‌టాప్ వెనక నీలం రంగు లైన్-ఇన్ రంధ్రానికి ఇవ్వండి. గులాబీ రంగుది మైక్, అందులో ఇస్తే శబ్దం పగిలిపోతుంది. ల్యాప్‌టాప్‌లకి లైన్-ఇన్ సాధారణంగా ఉండదు, దానికి లైన్-ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనాలి. క్యాసెట్‌ని ఒకసారి చివరిదాకా ముందుకి, మళ్లీ వెనక్కి చుట్టండి, అతుక్కున్న టేపు వదులవుతుంది. హెడ్‌ని స్పిరిట్‌తో తడిపిన దూదిపుల్లతో తుడవండి. ఆడాసిటీ ప్రోగ్రామ్‌లో రికార్డు చేస్తూ శబ్దం ముల్లు ఎర్రగీత తాకకుండా వాల్యూమ్ సర్దుకోండి. గంట శబ్దం 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియోలో 600 ఎంబీ పైన అవుతుంది, ఫ్లాక్ అనే రకం ఫైలుగా దాస్తే నాణ్యత పోకుండా సుమారు సగానికి తగ్గుతుంది. ఎంపీ3లోకి కాపీ ఫోన్ కోసం విడిగా చేసుకోండి. ప్రతి ఫైలుకీ పేరు పెట్టేటప్పుడు క్యాసెట్ మీద తాతగారు పెన్నుతో రాసింది అలాగే రాయండి, ఆ కాగితాన్ని ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో వెయ్యండి.

కోడీ మా పెళ్లి వీడియోకి ఏదో హాలీవుడ్ పోస్టర్ పెట్టింది!

నవ్వొస్తుంది కానీ అందరికీ జరిగేదే. మీరు ఆ ఫోల్డర్‌ని సినిమాలు అని చెప్పారు, అది ఫైలు పేరు పట్టుకుని నెట్‌లో సినిమా వెతికింది. ఇంటి వీడియోల ఫోల్డర్‌ని కలిపేటప్పుడు 'ఈ డైరెక్టరీలో ఉన్నది' అన్నచోట నన్ (ఏదీ కాదు) అని పెట్టండి. సినిమాలకి మాత్రం పేరు పక్కన బ్రాకెట్లో సంవత్సరం తప్పకుండా ఉండాలి, ఒకే పేరుతో నాలుగు సినిమాలు తీసే అలవాటు మన పరిశ్రమకి ఉంది కాబట్టి సంవత్సరం లేకపోతే తప్పు పోస్టరే వస్తుంది. ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచితే ఏ టీవీలో, ఏ ఫోన్‌లో తెరిచినా చదవగలుగుతారు.

తెలుగు సబ్‌టైటిల్ పెడితే డబ్బాలు డబ్బాలుగా వస్తోంది.

ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు. నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ దించుకుని కోడీ ఫోల్డర్‌లోని మీడియా, దాని లోపల ఫాంట్స్ అనే ఫోల్డర్‌లో వేసి, సబ్‌టైటిల్ సెట్టింగులో ఆ ఫాంటు ఎంచుకోండి. కోడీ 20 లేదా ఆ తర్వాతిది అయితే ఒత్తులు కూడా సరిగ్గా కూర్చుంటాయి. డబ్బాలు కాకుండా పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తే ఫైలు యూటీఎఫ్-8 (యూనికోడ్) పద్ధతిలో లేదు, లేదా అను ఫాంట్ల లాంటి పాత పద్ధతిలో టైపు చేసింది.

ఒకే సినిమాలో తెలుగు, హిందీ ఆడియోలు ఉంటే ప్రతిసారీ హిందీయే మొదలవుతోంది.

ప్లేయర్ సెట్టింగుల్లో లాంగ్వేజ్ అన్నచోట ఇష్టమైన ఆడియో భాష తెలుగు అని పెట్టండి. అయినా వినకపోతే ఆ ఫైలులో ట్రాకుకి భాష పేరు రాసి లేదన్నమాట. ఎంకేవీటూల్‌నిక్స్ అనే ప్రోగ్రామ్‌లో హెడర్ ఎడిటర్ తెరిచి ఆ ట్రాకుకి తెలుగు అని గుర్తు పెడితే క్షణంలో అయిపోతుంది, సినిమా మళ్లీ మార్చాల్సిన పని లేదు. ఇంట్లో కోడలు ఒడియా ఆవిడ అయితే ఒడియా వీడియోలకి వేరే ఫోల్డర్ పెట్టి హోమ్ స్క్రీన్ మీద విడిగా చూపించండి, రిమోట్ కోసం తగువులు సగం తగ్గుతాయి.

## రోజువారీ వాడకంలో

హాల్లో పెట్టెలో ఉన్నది లోపల గదిలో ఫోన్‌లో చూడొచ్చా?

చూడొచ్చు. మింట్ మీద జెల్లీఫిన్ అనే ప్రోగ్రామ్ పెడితే ఇంట్లో ఏ ఫోన్‌లోనైనా, టీవీలోనైనా ఆప్‌తో తెరుచుకుంటుంది, ఎక్కడ ఆపారో గుర్తుంచుకుంటుంది. పాత ప్రాసెసర్‌తో ఒకటే ఇబ్బంది, ఫోన్ ఒప్పుకోని రకం ఫైలుని అప్పటికప్పుడు మార్చి పంపబోతే ఊపిరాడదు. అన్నీ హెచ్.264, ఎంపీ4లో ఉంటే ఆ బాధ ఉండదు.

వైఫై చాలా? తీగ లాగాలా?

రెండున్నర గంటల సినిమా 4 జీబీ అంటే సెకనుకి మూడున్నర మెగాబిట్లే, పాత వైఫై కూడా మోస్తుంది. మందపాటి రాతిగోడల ఇళ్లలో, పెద్ద ఫైళ్లకి మాత్రం తీగే మేలు.

4 జీబీ దాటిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కడం లేదు.

ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉంది. ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేయండి, లోపలున్నది ముందు కాపీ తీసుకుని.

టీవీ డిష్ తీగ దీనికి ఇచ్చి చానెళ్లు చూడొచ్చా?

డిష్ సిగ్నల్ పట్టే డీవీబీ-ఎస్2 యూఎస్‌బీ ట్యూనర్, టీవీహెడ్‌ఎండ్ ప్రోగ్రామ్ ఉంటే డీడీ ఫ్రీ డిష్‌లో తాళం లేని చానెళ్లు పట్టుకోవచ్చు, రికార్డు కూడా చేయొచ్చు. డబ్బు కట్టే డిష్ కనెక్షన్లవి రావు. ఓపిక ఉన్నవాళ్ల పని ఇది, నేనైతే సెట్‌టాప్ బాక్స్ అలాగే ఉంచుతాను.

మాకు ఉరుములు, కరెంటు కోతలు ఎక్కువ. ఏం జాగ్రత్తలు?

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి, రాయగడ వైపు రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లున్నాయి, అది పెద్ద సంగతి. మనకి రోజూ నష్టం చేసేది చిన్నది, పోయి వెంటనే వచ్చి మళ్లీ పోయే కరెంటు. 600 వీఏ యూపీఎస్ ఒకటి ఉంటే కంప్యూటర్‌ని సరిగ్గా ఆఫ్ చేసేంత టైమ్ దొరుకుతుంది. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే బోర్డు సెట్టింగుల్లో) కరెంటు వచ్చాక ఏం చేయాలి అనే సెట్టింగు ఉంటుంది, దాన్ని ఆఫ్‌లోనే ఉంచండి, లేకపోతే అర్ధరాత్రి కరెంటు వచ్చిన ప్రతిసారీ మెషీన్ లేచి కూర్చుంటుంది. ఉరుములప్పుడు పవర్ ప్లగ్ తీస్తే సరిపోదు, రౌటర్ నుంచి వచ్చే ల్యాన్ తీగ, టీవీ డిష్ తీగ కూడా తీసెయ్యండి. పిడుగు ఆ దారుల్లో కూడా వస్తుంది, హెచ్‌డీఎంఐ ద్వారా టీవీని, కంప్యూటర్‌ని రెండింటినీ తీసుకుపోతుంది.

విండోస్‌లో వాడిన డిస్కు ఇక్కడ తగిలిస్తే కొత్త ఫైలు వెయ్యనివ్వడం లేదు.

విండోస్ ఫాస్ట్ స్టార్టప్ వల్ల డిస్కు సగం మూసినట్టు ఉండిపోతుంది, లైనక్స్ దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. విండోస్‌లో ఆ ఆప్షన్ ఆపేసి, షట్‌డౌన్ చేసి తీయండి.

ఈ పాత మెషీన్ కూడా ఒక రోజు పోతే అందులో ఉన్నవన్నీ పోయినట్టేనా?

డిస్కు బాగుంటే ఏమీ పోదు. డిస్కుని బయటికి తీసి సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే తీగతో వేరే కంప్యూటర్‌కి తగిలించండి. లైనక్స్ సొంత ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసి ఉంటే విండోస్ దాన్ని నేరుగా చూపించదు, 'ఫార్మాట్ చేయమంటారా' అని అడుగుతుంది, పొరపాటున కూడా సరే అనకండి, మింట్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి కాపీ తీసుకోండి. డిస్కే పోతే రెండో కాపీ ఉన్నవాడికే మిగులుతుంది, కాబట్టి పెళ్లి వీడియోలు, క్యాసెట్ల ఫైళ్లు ఒక బయటి డిస్కులో కూడా వేసి, వేరే ఊళ్లో ఉన్న అన్నదమ్ముల ఇంట్లో ఉంచండి. సినిమాలకి ఆ రెండో కాపీ అక్కర్లేదు.